పద్ధతి ప్రకారం సోదా

గులాబీ రంగు పురుగుకు లొంగని పత్తి విత్తనం తయారు చేసిన శాస్త్రవేత్తను శనివారం పొద్దున వనపర్తి బైపాస్‌లో లారీ గుద్ది చంపింది. లారీకి ముందు నంబరు ప్లేటు లేదు, వెనకా లేదు. ఆ దారిలో మూడు చోట్ల పోలీసులు నిలబడే ఉన్నారు. మూడు చోట్లా హెల్మెట్ లేని రైతులను ఆపుతున్నారు. లారీకి చెయ్యెత్తితే ఆగుతుందో లేదో తెలియదు. రైతు తప్పకుండా ఆగుతాడు.

సోమవారం నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం పైగదికి బాలకిష్టయ్యను పిలిపించారు. గది బయట కుట్టు శిక్షణ కేంద్రం అని బోర్డు ఉంటుంది. మూడేళ్ళలో ఒక్కరు కూడా కుట్టు నేర్చుకోవడానికి మెట్లెక్కలేదు. ప్రభుత్వ కేంద్రం అనుకున్నారు కాబోలు. అందుకే రహస్య విభాగానికి అంతకంటే భద్రమైన చోటు దొరకలేదు.

"మర్డర్," అన్నాడు చీఫ్ చంద్రశేఖర్.

"తెల్సు సార్."

"ముందు రాత్రే ల్యాబ్ తగలబడింది. మిగిలింది ఒకే ఒక్క బ్యాగ్. రెండు కిలోల పేరెంట్ సీడ్. మల్దకల్ దగ్గర సత్యమ్మ అనే రైతు పొలంలో ట్రయల్ నడిచింది, బ్యాగ్ ఆమె దగ్గరే ఉంది. ఫారిన్ సిండికేట్ దాని కోసం దిగింది. వాళ్ళ చేతికి పోతే పేటెంట్ వాళ్ళది. మన రైతు బతికినంత కాలం వాళ్ళ ప్యాకెట్టే కొనాలి, వాళ్ళ మందే కొట్టాలి. ఈ సాయంత్రానికి బ్యాగ్ ఇక్కడ ఉండాలి."

"పోలీస్ ఎస్కార్టు?"

"వద్దు. లీక్ అవుతుంది."

"సంతోషం."

చంద్రశేఖర్ బల్ల మీద ఒక పెన్ను పెట్టాడు. మూత తిప్పితే ఆపద సిగ్నల్ వెళుతుంది. నేరుగా ఢిల్లీకి. ఢిల్లీ నుంచి మల్దకల్‌కు మనిషి రావడానికి రెండు రోజులు పడుతుందన్న సంగతి పెన్ను తయారు చేసినవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆ పెన్నుతో రాయబోతే ఇంకు కూడా లేదు.

"కవర్: చీరల వ్యాపారి. కోడ్ నేమ్: కండె. నీ భార్యగా ఏజెంట్ ఉమారాణి వస్తుంది."

గద్వాల మగ్గాల, నూలు కండెల మధ్య పుట్టిన బాలకిష్టయ్యకు చీరల వ్యాపారి వేషం కొత్తగా వేయాల్సిన పని లేదు. భార్య మాట మాత్రం చెవికి గుచ్చుకుంది. అతని భార్య సుమన పోయి మూడేళ్ళు. తలుపు తెరుచుకుని వచ్చిన మనిషి సుమన కాదు. నల్లకళ్ళద్దాలు, గదంతా పరుచుకున్న సెంటు వాసన, ఒంటి మీద ఎర్రంచు గద్వాల చీర. ఆ చీరను అంత బాగా కట్టుకున్నవాళ్ళు గద్వాలలోనే లేరు. పైకి ఆమె సిండికేట్ హైదరాబాద్ ఆఫీసులో మార్కెటింగ్ మేనేజర్. లోపల మన డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం తీసుకుంటున్నదని బాలకిష్టయ్యకు అర్థమైంది. పనెవరికి చేస్తున్నదన్నది అర్థం కాలేదు.

వనపర్తి దాటాక ఒక అడ్డరోడ్డు దగ్గర కారును ఆపారు. ఏ ఠాణా వాళ్ళన్నది అనవసరం.

కానిస్టేబుల్ ముందుగా కిటికీలోంచి చెయ్యి దూర్చి తాళం చెవి లాక్కున్నాడు. లైసెన్సు తర్వాత అడిగాడు. లైసెన్సు ఉంది. ఆర్సీ ఉంది. ఇన్సూరెన్సు ఉంది. అన్నీ ఉన్నందుకు అతని మొహం మాడింది. వెనక్కి పోయి డిక్కీ తెరిచి, లాఠీతో చీరలను కెలకడం మొదలుపెట్టాడు.

"డిక్కీ ఎందుకు తెర్సినవన్నా?" అన్నాడు బాలకిష్టయ్య.

"చెక్కింగ్."

"దేనికోసం?"

"దొరికినంక చెప్త."

రోడ్డు పక్కన గొడుగు కింద కుర్చీలో ఎస్సై సాయినాథ్ కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. "ఏందిరా లింగయ్యా లొల్లి?"

"చట్టం చెప్తుండు సార్."

"అట్లనా? చెప్పు పెద్దమనిషీ, ఇందాం. పొద్దటి సంది టైంపాస్ అయితలేదు."

"కాగితాలు అడగొచ్చు సార్, చూపించిన. డిక్కీ ఎతకాలంటే అనుమానానికి ఒక కారణముండాలె. ఆ కారణం ముందే రాసుకోవాలె. ఊరోళ్ళు ఇద్దరు పంచులుగ సాక్ష్యానికి నిలబడాలె. కొత్త చట్టమొచ్చినంక వీడియో గుడ తియ్యాలెనంట. తాళంచెవి గుంజుకోమని ఏ చట్టంల లేదు."

"లింగయ్యా, వీడియో తియ్యాల్నంట. తియ్యి."

లింగయ్య ఒక పట్టుచీర భుజాన వేసుకుని సెల్ఫీ దిగాడు. ఎస్సై పొట్ట ఊగేలా నవ్వి లేచి వచ్చాడు, చీరలు తానే తిప్పి చూశాడు.

"మెరూన్ అంచుది లేదా? మా ఇంట్ల మెరూన్ అంటున్నరు. నా నంబర్ రాసుకో. మర్లొచ్చేటప్పుడు తెచ్చియ్యి. ఇగ ఈ రోడ్డు మీద నిన్ను ఆపేటోడే ఉండడు."

తాళం చెవి తిరిగి వచ్చింది. ఇదంతా ఉమారాణి కళ్ళద్దాల వెనక నుంచి శ్రద్ధగా చూసింది.

"చట్టం ఎక్కడ చదివారు?" అంది కారు కదిలాక.

"అన్నం తింటా."

"అంటే?"

"మా ఇంటామె వకీలు. నాగర్‌కర్నూల్ కోర్టుల. కంచం ముందట కూసుంటే గదే ముచ్చట. పదిహేనేండ్లు ఇన్న."

సుమన పదిహేనేళ్ళు అదే వాదించింది. సోదా తప్పని కోర్టు ఒప్పుకున్న రోజులు కూడా ఉన్నాయి. ఆ మర్నాడే అదే కూడలిలో అదే పోలీసు ఇంకొకడి డిక్కీ తెరిచేవాడు. ఒకసారి ఆమె స్కూటీ తాళమే లాక్కున్నారు. చివరికి జ్వరం వచ్చి పోయింది. కోర్టులో సంతాపం చెప్పి అరపూట సెలవు తీసుకున్నారు. అరపూట మిగిలినందుకు అందరి మొహాలూ కళకళలాడాయి.

"అంటే పద్ధతి ప్రకారం సోదా చేస్తే మీరు అడ్డం చెప్పరు," అంది ఉమారాణి.

"పద్ధతి ప్రకారం జేస్తే చెప్పనీకి ఏముంటది?"

ఆమె ఫోన్లో చాలాసేపు ఏదో టైప్ చేసింది. సిండికేట్‌కు తప్పుడు రిపోర్టు పంపుతున్నానంది.

మల్దకల్ దాటాక చెలకలో ఒంటరిగా ఉన్న ఇల్లు సత్యమ్మది. ఆమె బర్రెకు దాణా పెడుతోంది. బాలకిష్టయ్య గొంతు తగ్గించి కోడ్ చెప్పాడు.

"చేనుకు కావలి ఉన్నదా?"

"ఉన్నది... లేదు... ఏందో చెప్పుమన్నరు సారోళ్ళు, నాకు యాదికి లేదు. నువ్వు మగ్గపోళ్ళ కిష్టయ్యవే గదా? మా అమ్మ పెండ్లి చీర మీ నాయిననే నేసిండు. దొంగ లెక్క గుసగుస ఎందుకు, లోపటికి రా."

"ప్రొటోకాల్ ఉంటుందమ్మా," అంది ఉమారాణి.

"ఈమె ఎవరు తమ్మీ? సుమన పోయినంక మళ్ళ చేసుకున్నవా?"

"డ్యూటీ అక్కా."

"మంచిగుంది మీ డ్యూటీ," అని సత్యమ్మ దాణా సంచిలో చెయ్యి పెట్టి అడుగు నుంచి చిన్న గుడ్డసంచి తీసింది. ఇవ్వకుండా ఒడిలో పెట్టుకుని కూర్చుంది. "నాలుగేండ్లు పురుగు తిన్న కాయలేరిన తమ్మీ. ఏ కాయ ఇప్పినా నల్లగ. ఈ యేడు గీ ఒక్క చెల్కల తెల్లగ ఇచ్చుకున్నది. సూసి ఏడ్సిన. విత్తనం రైతులకు ఊకెనే ఇస్తనని సారు మాటిచ్చిండు. గాయనను లారీ కింద ఏసిండ్రు. ఇగ గా మాట నీ చేతుల పెడ్తున్న. ఇది పోతే మళ్ళ పుట్టదు. ఇంకో గింజ లేదు."

బాలకిష్టయ్య సంచి అందుకున్నాడు. మాట ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళను చాలామందిని చూశాడు.

ఊరు దాటాక మనుషులు లేని చోట కారాపి, డిక్కీలోని స్టెప్నీ టైరు అంచు లేపి సంచిని లోపలికి తోశాడు. మళ్ళీ చీరలు సర్దాడు. ఆ చోటు తెలిసింది ఇద్దరికే. అతనికి, పక్కన కాపలా నిలబడిన ఉమారాణికి.

కృష్ణ దాటి పెబ్బేరు చేరుతుండగా ఆమె ఫోన్ మోగింది. "హైవే మీద సిండికేట్ మనుషులు కాచుకున్నారు. శ్రీరంగాపూర్ మీదుగా తిప్పండి."

తిప్పాడు. రెండు వైపులా పల్లి చేలు, ఎండ, ఎదురు వచ్చే బండి లేదు. ఒక మలుపు తిరగగానే బారికేడ్లు. జీపు. ఇస్త్రీ నలగని యూనిఫాంలో ఎస్సై. ఛాతీ మీద సాయితేజ అని పేరు.

ఎస్సై సెల్యూట్ చేశాడు.

"నమస్కారం సార్. మీకు కలుగుతున్న అసౌకర్యానికి మన్నించాలి. మీ వాహనాన్ని సోదా చేయవలసి ఉంది. కారణం ముందుగానే రాతపూర్వకంగా నమోదు చేశాం, మీరు చదువుకోవచ్చు. వీరిద్దరూ స్థానిక పంచులు. సోదా మొత్తం వీడియో తీస్తాం. మేడమ్ గారి కోసం మహిళా కానిస్టేబుల్ ఉన్నారు."

మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా ఉంది. మహిళా కానిస్టేబుల్ చేతులకు తెల్లని గ్లవ్స్ ఉన్నాయి. పంచులిద్దరూ కుర్చీల్లో కూర్చుని నీళ్ళ సీసాలు పట్టుకుని నవ్వుతున్నారు. తాళం చెవి వైపు ఎవరూ చెయ్యి చాపలేదు.

"చూశారా," అంది ఉమారాణి మెచ్చుకోలుగా, "పోలీసులు మారారు."

బాలకిష్టయ్యకు అదే నచ్చలేదు.

ముప్పై ఏళ్ళుగా ఈ మూడు జిల్లాల రోడ్లు తిరుగుతున్నాడు. కారణం ముందు రాసుకున్న ఎస్సైని చూడలేదు. సాక్ష్యానికి రమ్మంటే ఇక్కడి మనుషులు చేలకు అడ్డం పడి పరుగెత్తుతారు. దొరికేది ప్రతి కేసులోనూ ఉండే చాయ్ హోటల్ వాడొక్కడే. మన్నించాలి అన్న పోలీసు ఇంకా పుట్టలేదు. వీళ్ళకు ఎక్కడో ఏసీ గదిలో చట్టం పుస్తకం ఇచ్చి ట్రైనింగ్ ఇచ్చారు. ఈ రోడ్డు మీద ఒక్క పూట నిలబెట్టి ఉంటే ఇలా చేసేవాళ్ళు కాదు.

ఇది పోలీసు కాదు. సిండికేట్.

కాగితం చదివాడు. 'సదరు వాహనపు స్టెప్నీ టైరులో మత్తు పదార్థం ఉన్నట్టు విశ్వసనీయ సమాచారం.' స్టెప్నీ. ఆ మాట మీద కన్ను ఆగింది. కారణం రాయాలని చట్టంలో ఉంది కాబట్టి రాశారు. రాసి, ఎవరు చెప్పారో కూడా చెప్పేశారు. పక్కకు చూడలేదు. మొహం కదపలేదు.

అయిదుగురు మగవాళ్ళు. ఒక ఆడమనిషి. పక్కన ఇంకొకామె. అతను ఒక్కడు.

"మా వకీలుకు ఒక ఫోన్ జేస్కుంట సార్."

ఎస్సై ఉమారాణి వైపు చూసీ చూడనట్టు చూశాడు. ఆమె కనురెప్ప వాలింది.

"తప్పకుండా సార్. అది మీ హక్కు. కొంచెం దూరంగా పోయి మాట్లాడుకోండి, మేం వినం."

పల్లి చేను గట్టు మీదికి నడిచాడు. ఢిల్లీ పెన్నును జేబులోంచి తీయలేదు. హత్య జరిగిందంటే ఇక్కడి పోలీసు టిఫిన్ ముగించి వస్తాడు. దొంగతనమంటే మర్నాడు రమ్మంటాడు. దేశద్రోహం అంటే పై ఆఫీసులో చెప్పుకోమంటాడు. పరుగెత్తుకుంటూ వచ్చే సంగతి ఒక్కటే ఉంది. ఈ రోడ్డూ ఆ పల్లీల ఎస్సై హద్దులోదే. పొద్దున రాసుకున్న నంబర్ నొక్కాడు.

"సాయినాథ్ సార్, నేను చీరలోన్ని. మెరూన్ అంచుది తెస్తున్న సార్. గని జర పరేషాన్ ఉన్నది. శ్రీరంగాపూర్ రోడ్డు మీద వేరే ఎస్సై బండ్లు ఆపుతుండు. వసూలు జేస్తుండు. మీ చీర గుడ గాయననే తీస్కుంటుండు."

అవతల పల్లీలు నమలడం ఆగింది.

"నా రోడ్డు మీదనా?"

"మీ రోడ్డు మీదనే సార్."

"ఎవడాడు?" అన్న కేక, జీపు స్టార్టయిన చప్పుడు, కలిసే వినిపించాయి.

బాలకిష్టయ్య వెనక్కి వచ్చి చేతులు కట్టుకున్నాడు. "సోదా జేయండి సార్. గని ముందుగాల డిక్కీల ఉన్న చీరలు ఒక్కోటి రాయాలె. రేపు ఒకటి తక్కువైతే నేనెవర్ని అడగాలె?"

"అవసరమా?" అన్నాడు ఎస్సై.

"పద్ధతి సార్."

ఎస్సై మళ్ళీ ఉమారాణిని చూశాడు. గొడవ లేకుండా పని కావాలన్నది ఆమె ఆర్డరే. రాయడం మొదలైంది.

"ఒకటి. పచ్చ చీర," అన్నాడు రాసే కానిస్టేబుల్.

"పచ్చ గాదు. నెమలికంఠం. నిలువు పోగుల పచ్చ, అడ్డం పేకల నీలం. పచ్చ అని రాస్తే కోర్టుల వేరే చీర అయితది."

కొట్టేసి మళ్ళీ రాశాడు.

"అంచు?"

"పట్టంచు. ఒంటికి నూలు. మధ్యల జోడించిన కుట్టు ఉన్నదా, గది గుడ రాయాలె. గద్వాల చీరకు గదే గుర్తు. ఆ కుట్టు రాయకుంటే ఎవరి చీరనన్న తెచ్చి నాదంటరు."

పంచులకు నీళ్ళు అయిపోయాయి. ఒకడు ఆవలించాడు. రెండో చీర. మూడో చీర. తోపురంగు అంటే ఏమిటని రాసేవాడు అడిగాడు. బాలకిష్టయ్య ఓపికగా చెప్పాడు. జీవితంలో అంత ఓపిక ఎవరి మీదా చూపలేదు.

"చాలు!" అంది ఉమారాణి. ఆ గొంతులో భార్యా లేదు, మార్కెటింగ్ మేనేజరూ లేదు. "స్టెప్నీ తియ్యండి."

తీశారు. టైరు అంచు లేపారు. గుడ్డసంచి బయటికి వచ్చింది. ఉమారాణి దాన్ని అందుకుని, నింపాదిగా కారు డ్రైవర్ సీట్లో కూర్చుని ఒడిలో పెట్టుకుంది.

"స్టెప్నీ అని కాయిదం మీద రాపిచ్చినవ్," అన్నాడు బాలకిష్టయ్య. "గక్కడనే దొరికినవ్."

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు అందంగా ఉన్నాయి. అందులో ఇంకేమీ లేదు.

"దొరికితే ఏం చేస్తావు కండె? తుపాకీ పెట్టి లాక్కుంటే గంటలో దేశమంతా వెతుకుతారు. పద్ధతి ప్రకారం జప్తు చేస్తే నువ్వు కోర్టుకు పోయి పిటిషన్ వేసుకుని వాయిదాల కోసం కూర్చుంటావనుకున్నా. ఈలోగా ఇది దేశం దాటేది. నువ్వు కనిపెట్టేశావు. ఇక తుపాకీయే."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసి కిటికీలోంచి అతని ఛాతీకి గురిపెట్టి, రెండో చేత్తో తాళం తిప్పింది. ఇంజను పలికింది.

అప్పుడు మలుపులో దుమ్ము లేచింది. పోలీసు జీపు బారికేడ్‌ను గుద్ది, కెమెరా స్టాండుకు అంగుళం దూరంలో ఆగింది. సాయినాథ్ దూకాడు. చేతిలో ఇంకా పల్లీలున్నాయి.

"ఎవడ్రా నువ్వు?"

"స్పెషల్ పార్టీ," అన్నాడు సాయితేజ. "ఐడీ చూపిస్తాను, దయచేసి..."

మాట పూర్తి కాలేదు. చెంప మీద దెబ్బ పడింది. "నా లిమిట్స్‌ల నాకు చెప్పకుండ వసూళ్ళా?" రెండో దెబ్బ. పంచులిద్దరూ కుర్చీలతో సహా వెనక్కి పడ్డారు.

ఉమారాణి గేరు వేసింది. కారు ముందుకు ఉరికింది. జీపులోంచి సాయినాథ్ వెనకే దిగి ఆ పక్కనే ఉన్నాడు లింగయ్య. అతనికి ఆమె ఎవరో తెలియదు. రెండో చేతిలో పిస్టల్ ఉన్న సంగతి చూడలేదు. ఒక కారు కదిలిపోతోంది, అంతే. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఆ చెయ్యి నేర్చుకున్న ఒకే ఒక్క పని అది. కిటికీలోంచి దూరింది, తాళం చెవి పెరుక్కుని బయటికి వచ్చింది.

ఇంజను చచ్చింది. స్టీరింగ్ బిగుసుకుంది. కారు పల్లి చేనులో దిగబడింది. పిస్టల్ పేలి, తూటా కారు పైకప్పులోంచి ఆకాశంలోకి పోయింది.

"లైసెన్స్ చూపియ్యమ్మా," అన్నాడు లింగయ్య. తర్వాత పిస్టల్ చూశాడు. అప్పుడు కేక పెట్టాడు.

బాలకిష్టయ్య రెండో వైపు తలుపు తెరిచి, ముందు సంచి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గింజలు ఒక్కటి కూడా ఒలకలేదు.

సాయినాథ్ ఆ దొంగ పోలీసుల జీపంతా వెతికాడు. కారణం రాయలేదు. పంచులను పిలవలేదు. వీడియో మాట గుర్తే లేదు. సీటు కింద రెండు తుపాకులు, ఒక శాటిలైట్ ఫోను దొరికాయి. వసూలు చేసిన డబ్బు కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. అదే దొరకలేదని అతనికి చాలా బాధ కలిగింది.

"గింత పెద్ద సెటప్ పెట్టి పైసలు తీస్కోలేదా? ఇదేం చెక్కింగ్?" అన్నాడు నిజంగానే అర్థం కాక.

సాయంత్రానికి సంచి నాగర్‌కర్నూల్ పైగదికి చేరింది. వానలు పడ్డాక ఆ విత్తనం పొలాలకు వచ్చింది. మొదటి గింజ పెట్టింది సత్యమ్మ. చంద్రశేఖర్‌కు ఢిల్లీ నుంచి మెడల్ వచ్చింది. సాయినాథ్‌కు ప్రమోషన్ వచ్చింది. మెరూన్ అంచు చీర మాత్రం రాలేదు. దానికోసం ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. బాలకిష్టయ్య ఎత్తడు.

కేసు కోర్టుకు వచ్చినప్పుడు ముద్దాయిల వకీలు లేచి, సాయినాథ్ చేసిన సోదాలో కారణం లేదు, పంచులు లేరు, వీడియో లేదు అన్నాడు. ప్రతి మాటా నిజమే. ప్రభుత్వ వకీలుకు చెమట పట్టింది. చివరికి ముద్దాయిలు రోడ్డు మీద తీసుకున్న వాళ్ళ వీడియోనే, వాళ్ళు రాసుకున్న కాగితాలనే కోర్టు ముందు పెట్టాడు. దొంగ యూనిఫాం, స్టెప్నీ, సంచి, పిస్టల్, అన్నీ తారీఖుతో సహా స్పష్టంగా ఉన్నాయి. న్యాయమూర్తి రెండుసార్లు చూసి, తన సర్వీసులో ఇంత పద్ధతిగా జరిగిన వాహన సోదాను చూడలేదన్నారు.

బాలకిష్టయ్య వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. సుమన బతికి ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాడు. కానీ నవ్వలేదు.

ఈ మూడు జిల్లాల్లో చట్టప్రకారం బండి సోదా చేయడం వచ్చిన ఎస్సై ఒక్కడే ఉన్నాడు. వాడికి పదేళ్ళు జైలు పడింది.